రాయి తగిలాక బండి స్టార్ట్ కావట్లేదా..? మళ్లీ సెల్ఫ్ కొట్టే ముందు ఒక్కసారి కిందికి చూడండి

కోట: రాత్రి పూట గూడూరు నుంచి కోట వైపు వస్తున్న కారు. ఎదురుగా టిప్పర్ లైట్లు. కళ్లు బైర్లు కమ్మిన ఆ రెండు సెకన్లలోనే బండి కింద ధడ్‌మని చప్పుడు. ఇంకో వంద గజాలు వెళ్లేసరికి ఇంజిన్ ఆగిపోయింది. ఇలాంటప్పుడు దాదాపు అందరూ చేసే పని ఒక్కటే. తాళం తిప్పడం.. స్టార్ట్ కాకపోతే మళ్లీ తిప్పడం. వేలల్లో పోవాల్సిన రిపేరు లక్షల్లోకి వెళ్లేది సరిగ్గా ఇక్కడే.

రాయి తగిలినంత మాత్రాన ఇంజిన్ మొత్తం పాడవ్వడం అరుదు. తగిలిన తర్వాత ఆయిల్ లేకుండా తిప్పడం వల్ల, తెగిన వైరుతో ప్రయత్నించడం వల్ల, పెట్రోల్ కారుతున్నా సెల్ఫ్ కొట్టడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ. అందుకే బండి ఆగాక మొదటి పది నిమిషాల్లో ఏం చూడాలి, ఏ చప్పుడుకి అర్థం ఏంటి అన్నది తెలిసి ఉండాలి. మెకానిక్ షెడ్లు మూసేసిన టైంలో మరీ ముఖ్యం.

ఈ రోడ్ల మీద ఏం పడి ఉంటాయి?

నెల్లూరు తీరంలోని కోట, చిల్లకూరు మండలాల్లో సిలికా ఇసుక గనులున్నాయి. ఇసుక, కంకర లోడ్లతో టిప్పర్లు తిరుగుతూనే ఉంటాయి. గుంతలో పడి లేచినప్పుడల్లా లోడులోంచి ఓ రాయి జారుతుంది. కోతల సీజన్‌లో ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. రాశి మీదికి బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. ధాన్యం ఎత్తేశాక ఆ రాళ్లు అక్కడే ఉండిపోతే.. చీకట్లో బైకు వాడికి, కారు వాడికి అవే గండం. ఇక గూడూరు దాటి చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి ఎక్కితే లారీ టైర్ల నుంచి ఊడిన రబ్బరు పట్టీలు, ఇనుప ముక్కలు కనిపిస్తాయి. తుఫాను మర్నాడు వీటికి తోడు చెట్ల కొమ్మలు.

ఏది తగిలిందో గుర్తుంటే సగం పని అయినట్టే. రాయి అయితే ఎక్కువగా ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ సంప్‌కి, అంటే మెకానిక్‌లు 'చాంబర్' అనే భాగానికి తగులుతుంది. టైరు పట్టీ అయితే ఎగిరి వచ్చి ముందు బంపర్, రేడియేటర్, చక్రం పక్కన వెళ్లే వైర్లను కొడుతుంది. ఇనుప ముక్క ఇంకా వెనక్కి, ఫ్లోర్ కింద వెళ్లే ఇంధనం పైపుల్ని, ట్యాంకుని చీల్చగలదు. ఎండు గడ్డిది ఇంకో రకం ప్రమాదం. అది సైలెన్సర్ వేడి భాగాలకు చుట్టుకుంటే కాసేపటికి పొగ, ఆ తర్వాత మంట. కాలిన వాసన వస్తుంటే స్టార్ట్ చేసే ఆలోచన పక్కన పెట్టి ముందు అందరూ దిగిపోవాలి.

మామూలు చిన్న కారు అడుగు భాగానికీ రోడ్డుకీ మధ్య ఉండేది 160–170 మిల్లీమీటర్లే. ఐదుగురు ఎక్కి, డిక్కీలో సామాను పెడితే అది ఇంకా తగ్గుతుంది. 'రాయి చిన్నదే, చక్రాల మధ్యలోంచి వెళ్లిపోతుందిలే' అనుకునే లెక్క తప్పేది అందుకే.

తాళం తీసేయండి.. ముందు కింద చూడండి

బండిని వీలైనంత ఎడమ పక్కకు తేవాలి. న్యూట్రల్‌లో తోసినా ఫర్వాలేదు. నాలుగు ఇండికేటర్లూ వేసి, తాళం ఆఫ్ చేసి, వెనక నలభై యాభై అడుగుల దూరంలో రిఫ్లెక్టర్ త్రికోణం పెట్టాలి. హైవే మీద అయితే ఇంకా దూరంగా పెట్టాలి. రోడ్డు వైపు కూర్చుని కిందికి తొంగి చూడకూడదు. ఎడమ పక్క నుంచే చూడాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కింద దూరడం అసలు వద్దు.

ఫోన్ టార్చ్ వేసి బండి కింద, ఆగిన చోటు నుంచి వెనక్కి ఓ ఇరవై అడుగుల దాకా రోడ్డు మీద గీతలా ఏమైనా కారిందేమో చూడాలి. కారినదాని రంగు, జిగురు, వాసన.. ఈ మూడూ చాలు.

నల్లగా లేదా గోధుమ రంగులో, వేళ్ల మధ్య జిగురుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. చాంబర్ పగిలింది. చిన్న కార్ల ఇంజిన్‌లో ఉండేదే మూడు నాలుగు లీటర్ల ఆయిల్. పెద్ద పగులైతే నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఇక సెల్ఫ్ కొట్టకూడదు, తోసి స్టార్ట్ చేయకూడదు, 'మెల్లగా కోట దాకా పోదాం' అనుకోకూడదు. ఆయిల్ లేకుండా ఒకటి రెండు కిలోమీటర్లు నడిపినా బేరింగులు పట్టేసి ఇంజిన్ సీజ్ అయ్యే ప్రమాదం ఉంది. చాంబర్ మార్చడానికీ, ఇంజిన్ మొత్తం విప్పి పని చేయడానికీ ఖర్చులో పొంతనే లేదు.

ఆకుపచ్చ, గులాబీ లేదా ఎరుపు రంగులో నీళ్లలా పల్చగా ఉంటే కూలెంట్. రేడియేటర్ దెబ్బతింది. దీనివల్ల బండి స్టార్ట్ కాకపోవడం ఉండదు, స్టార్ట్ అవుతుంది. అదే చిక్కు. కాసేపు నడిచి వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోతుంది. కాబట్టి స్టార్ట్ అయినా నడపకూడదు. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు మొహాన కొడతాయి.

పెట్రోల్ వాసన గాఢంగా ఉంటే, లేదా వెనక సీటు కింద తడి కనిపిస్తే.. సిగరెట్, అగ్గిపుల్ల మాట అలా ఉంచి, తాళం ఆన్ కూడా చేయొద్దు. తాళం ఆన్ చేయగానే ట్యాంకులోని పంపు తిరిగి పైపులోకి ఇంకాస్త పెట్రోల్ తోస్తుంది. సీఎన్‌జీ బండి అయితే సిలిండర్ దగ్గర ఉండే వాల్వ్ చేత్తో మూసేసి దూరంగా జరగాలి.

రంగు, వాసన లేని నీటి చుక్కలు ఏసీవి. వాటికి భయపడక్కర్లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా కార్లకు ఇంజిన్ అడుగున ప్లాస్టిక్ గార్డ్ ఉంటుంది. పగులు చిన్నదైతే ఆయిల్ ముందు ఆ గార్డ్‌లోనే నిలుస్తుంది, రోడ్డు మీద చుక్క పడదు. అందుకని బానెట్ తెరిచి డిప్‌స్టిక్ కూడా తీసి చూడాలి. తుడిచి, మళ్లీ పెట్టి, తీసి చూస్తే ఆయిల్ కనీసం కింది గీతకు పైన ఉండాలి. గీత దగ్గరకే రాకపోతే ఇక అనుమానం అక్కర్లేదు.

ఏ చప్పుడు.. ఏ జబ్బు?

కింద ఏమీ కారడం లేదు, ఆయిల్ సరిపడా ఉంది, వాసన లేదు. అప్పుడు ఒక్కసారి, ఐదు సెకన్లు మించకుండా సెల్ఫ్ కొట్టి వినాలి. పక్కన ఇంకో మనిషి ఉంటే అతన్ని బానెట్ దగ్గర, కాస్త దూరంగా నిలబెట్టడం మంచిది.

*ఏ చప్పుడూ లేదు. డాష్‌బోర్డు లైట్లూ వెలగలేదు.* కరెంటే రావడం లేదు. బ్యాటరీ టెర్మినల్ ఊడిందేమో, బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ తీగ తెగిందేమో చూడాలి. తీర ప్రాంతంలో ఇది మామూలు కంటే ఎక్కువగా చూడాల్సిన చోటు. ఉప్పు గాలికి టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొక్కులు కడతాయి. ఎర్త్ తీగ లోపల్లోపల తుప్పు పట్టి రెండు మూడు పోగుల మీద వేలాడుతుంటుంది. బండి కింద ఏదైనా గట్టిగా తగిలితే ఆ కుదుపుకి అదీ తెగుతుంది. అసలు జబ్బు ఏడాది పాతది, రాయి కేవలం సాకు. టెర్మినల్ వదులైతే బిగిస్తే సరిపోతుంది. పొక్కులు గీకి, బిగించి మళ్లీ చూడాలి.

*లైట్లు బాగానే వెలుగుతున్నాయి, సెల్ఫ్ మాత్రం మూగ.* హెడ్‌లైట్ వేసి సెల్ఫ్ కొట్టాలి. లైట్ బాగా డల్ అయిపోతే బ్యాటరీ లేదా దాని కనెక్షన్ల సమస్య. లైట్ ఏమాత్రం తగ్గకుండా అలాగే ఉంటే స్టార్టర్ మోటారుకి కరెంటు చేరడం లేదు. చాలా కార్లలో స్టార్టర్ ఇంజిన్‌కి కింది వైపునే ఉంటుంది. దానికి వెళ్లే సన్నటి వైరు రాయి దెబ్బకి ఊడడం సులువు. ఆటోమేటిక్ కారు అయితే ఇంకోటి చూడాలి. గేర్ కేబుల్ కింద దెబ్బతిని పక్కకు జరిగితే, లివర్ 'పీ'లో ఉన్నా బండి దాన్ని గుర్తించదు, సెల్ఫ్ తిరగనివ్వదు. బ్రేక్ తొక్కి 'ఎన్'లో పెట్టి ప్రయత్నించాలి.

*టక్.. అని ఒకే శబ్దం.* స్టార్టర్ ప్రయత్నిస్తోంది, ఏదో అడ్డుపడుతోంది. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఫ్లైవీల్‌ని కప్పుతూ కింద ఓ పల్చటి రేకు ఉంటుంది. రాయి తగిలి ఆ రేకు లోపలికి వంగితే ఫ్లైవీల్‌ని పట్టేస్తుంది. చూడ్డానికి ఇంజిన్ సీజ్ అయినట్టే ఉంటుంది. షెడ్డులో బండి లేపి రేకు బయటికి లాగితే బాగైపోవచ్చు. 'ఇంజిన్ పోయింది' అని ఎవరైనా తేల్చేస్తే, ముందు ఈ రేకు, ఆ తర్వాత క్రాంక్ పుల్లీ, బెల్టు చూశారా అని అడగడంలో తప్పులేదు.

*టకటకటక అని వరసగా చప్పుడు.* బ్యాటరీలో చార్జ్ లేదు, లేదా టెర్మినల్ వదులు. ఎక్కువసార్లు సెల్ఫ్ కొట్టిన బండ్లలో చివరికి వచ్చేది ఇదే. అసలు జబ్బుకి తోడు ఇంకో జబ్బు.

*సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు.* దెబ్బ తర్వాత ఎక్కువ మందిని తికమక పెట్టేది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూడాలి. పెట్రోల్ కారు అయితే తాళం ఆన్ చేసి సెల్ఫ్ కొట్టకుండా ఆగాలి. వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్ల పాటు సన్నగా 'జుయ్' మని వినిపించాలి. అది పంపు. వినిపించకపోతే పంపు ఫ్యూజు, పంపుకెళ్లే వైరు చూడాలి. కొన్ని కార్లలో దెబ్బ గట్టిగా తగిలితే మంటలు రాకుండా ఇంధనం తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. ఫోర్డ్ పాత మోడళ్లలో కాళ్ల దగ్గర పక్క ప్యానెల్‌లో దీనికి ఓ బటన్ ఉంటుంది. అది పైకి లేచి ఉంటే నొక్కితే చాలు. అయితే ఎక్కడా పెట్రోల్ కారడం లేదని తేల్చుకున్నాకే నొక్కాలి. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరే ఇంధనాన్ని ఆపే కొత్త కార్లలో కంపెనీ మాన్యువల్ ప్రకారం చేయాలి.

పంపు బాగానే వినిపిస్తోందా? అయితే సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు చూడాలి. కొద్దిగా కూడా కదలకుండా సున్నా దగ్గరే ఉంటే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం. ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పేది ఆ సెన్సరే. అది చాలా ఇంజిన్లలో ఫ్లైవీల్ పక్కన, కింది వైపు ఉంటుంది. రాయి దెబ్బకి సెన్సర్ పగలొచ్చు, దాని వైరు తెగొచ్చు. షెడ్డులో స్కానర్ పెడితే స్టీరింగ్ కిందున్న 16 పిన్నుల సాకెట్ నుంచి కోడ్ వస్తుంది. కోడ్ చెప్పేది ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో మాత్రమే. సెన్సర్ పోయిందో, వైరు తెగిందో అది చెప్పదు. కొత్త సెన్సర్ కొనే ముందు బండి లేపి వైరు చూడమనాలి. వైరు అతికితే పోయేదానికి సెన్సర్ బిల్లు కట్టేవాళ్లు తక్కువేం కాదు.

*స్టార్ట్ అయి వెంటనే ఆగిపోతోంది.* ఇంధనం పైపు నలిగి ఉండొచ్చు. లేదా ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే గొట్టం ఊడి ఉండొచ్చు. తాళం గుర్తు లైటు టపటపా కొట్టుకుంటుంటే రాయికీ దానికీ సంబంధం ఉండకపోవచ్చు. ఇమ్మొబిలైజర్ తాళాన్ని గుర్తించడం లేదు. రెండో తాళంతో చూడాలి.

ఆయిల్ లైటు ఎర్రగా వెలిగిందంటే మాత్రం, బండి స్టార్ట్ అయినా సరే, అదే సెకనులో ఆపేయాలి.

బైకులు, ఆటోల సంగతి

బైకు రాయి ఎక్కి పడిపోతే, లేపిన వెంటనే స్టార్ట్ కాదు. భయపడాల్సిన పనిలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్–6 నిబంధనలు వచ్చాక అమ్ముడైన బైకుల్లో చాలావాటికి బండి పక్కకు పడితే ఇంజిన్ ఆపేసే సెన్సర్ ఉంటుంది. తాళం ఆఫ్ చేసి, కొన్ని సెకన్లు ఆగి ఆన్ చేస్తే అది మామూలవుతుంది. సైడ్ స్టాండ్ పూర్తిగా పైకి లేచిందా, పడినప్పుడు హ్యాండిల్ మీది ఎర్ర కిల్ స్విచ్ ఆఫ్ అయిందా.. ఈ రెండూ చూడకుండానే మెకానిక్‌కి ఫోన్ చేసేవాళ్లు చాలామంది. క్లచ్ లివర్ వంగితే దాని దగ్గరి చిన్న స్విచ్ పనిచేయక సెల్ఫ్ తిరగదు. న్యూట్రల్ చేసి చూడాలి.

పాత కార్బురేటర్ బండి పడితే పెట్రోల్ పొంగుతుంది. చోక్ ముట్టుకోకుండా ఐదు నిమిషాలు ఆగి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్ కొట్టాలి. ఎడమ వైపు ఇంజిన్ కవర్ పగిలి ఉంటే మాత్రం ఆగాలి. చాలా బైకుల్లో మాగ్నెట్ కాయిల్, పికప్ కాయిల్ దాని వెనకే ఉంటాయి. అక్కడ దెబ్బ తగిలితే స్పార్క్ రాదు, ఎన్ని కిక్కులు కొట్టినా అంతే. పైగా ఆయిల్ కూడా పోతుంది.

షేర్ ఆటోలకు ఇంజిన్ వెనక ఉంటుంది. ముందు చక్రం రాయి ఎక్కితే ఇంజిన్‌కి తగలదు కానీ, ముందు నుంచి వెనక్కి వెళ్లే కేబుళ్లు, వైర్లు తెగుతాయి. ముందు అవే చూడాలి.

ఎలక్ట్రిక్ బండి అయితే లెక్క వేరు

ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీ సాధారణంగా ఫ్లోర్ కిందే పరచి ఉంటుంది. రాయి తగిలాక బండి ఆన్ కాకపోతే అది చాలాసార్లు లోపం కాదు, రక్షణ. ఇన్సులేషన్ దెబ్బతిందని అనుమానం వస్తే బండి తనే కరెంటు తెంపేస్తుంది. నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజ్‌వి, వాటి మీద చేయి వేయకూడదు. కింద డొక్కు పడినా, పొగ లేదా ఘాటు వాసన వచ్చినా అందరూ దిగి దూరంగా వెళ్లాలి. దెబ్బతిన్న బ్యాటరీ కొన్ని గంటల తర్వాత కూడా అంటుకోవచ్చు. కాబట్టి ఇంటి కింద, షెడ్డులో కాకుండా ఆరుబయట నిలపాలి. లోకల్‌గా విప్పించకూడదు, కంపెనీ సర్వీస్‌కే కబురు చేయాలి.

వానా కాలం: నీళ్ల కింద రాయి

2021 నవంబరు వరదలకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు నెల్లూరు తీరాన్ని వానలతో ముంచెత్తింది. ఇలాంటి రోజుల్లో చప్టాల మీద పారే నీళ్ల కింద ఏముందో కనబడదు. కొట్టుకొచ్చిన రాయి తగిలి బండి నీళ్లలో ఆగిపోతే అనుమానాలు రెండు: దెబ్బ ఒకటి, ఇంజిన్‌లోకి నీళ్లు రెండోది.

సిలిండర్‌లోకి నీళ్లు చేరితే పిస్టన్ వాటిని నొక్కలేదు. సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కాబట్టి నీళ్లలో ఆగిన బండిని అక్కడే స్టార్ట్ చేయకుండా తోసి బయటికి తేవాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడాలి. ఫిల్టర్ తడిసి ఉంటే స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ అయితే ఇంజెక్టర్లు తీసి నీళ్లు వెళ్లగొట్టాకే తిప్పాలి. ఇది మెకానిక్ పని.

టోచన్ కట్టే ముందు ఫొటోలు

కదిలించక ముందే రోడ్డు మీది రాయి, కారిన ఆయిల్, బండి నంబరు ప్లేటు ఒకే ఫ్రేములో వచ్చేలా ఫొటోలు తీయాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి అక్కడి నుంచే ఫోన్ చేయాలి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే సొంత బండి రిపేరుకి రూపాయి రాదు. కాంప్రహెన్సివ్ పాలసీ ఉంటే రాయి తగిలి చాంబర్ పగలడం క్లెయిమ్‌లోకి వస్తుంది. ఆ తర్వాత ఆయిల్ లేకుండా నడిపి ఇంజిన్ సీజ్ చేసుకుంటే మాత్రం దాన్ని 'తదనంతర నష్టం' అంటారు, మామూలు పాలసీలో దానికి డబ్బులు రావు. ఇంజిన్ ప్రొటెక్ట్ లాంటి అదనపు కవర్ తీసుకుంటేనే, అదీ దాని షరతుల ప్రకారం. సర్వేయర్ మొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి.. 'దెబ్బ తగిలాక ఎంత దూరం నడిపారు?'

ఆటోమేటిక్, ఎలక్ట్రిక్ కార్లను తాడు కట్టి లాక్కుపోకూడదు. చక్రాలు నేలకు తగలకుండా క్రేన్ లేదా ఫ్లాట్ బెడ్ మీద తీసుకెళ్లాలి. మాన్యువల్ కారుకి టోచన్ కట్టొచ్చు. ఇంజిన్ ఆఫ్‌లో ఉంటే బ్రేకు గట్టిగా, స్టీరింగ్ బరువుగా ఉంటాయని, తాళం తీసేస్తే స్టీరింగ్ లాక్ పడుతుందని వెనక కూర్చునేవాళ్లకు ముందే చెప్పాలి.

జాతీయ రహదారి మీద బండి ఆగినా, రోడ్డు మీద రాళ్లు, ఇనుము కనిపించినా 1033కి ఫోన్ చేయొచ్చు. పెట్రోలింగ్ వాహనం, క్రేన్ ఈ నంబరు ద్వారానే వస్తాయి. గాయాలైతే 108, పోలీసు సాయానికి 112. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 198–ఏ సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించక మరణం లేదా వైకల్యం జరిగితే కాంట్రాక్టర్‌కి, బాధ్యత ఉన్న సంస్థకి లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. బండి పాడవడం ఒక్కటే అయితే ఆ సెక్షన్ వర్తించదు.

గూడూరు–కోట రోడ్డు లాంటి లోపలి రోడ్ల మీద 1033 పనిచేయదు. అక్కడ రాయి కనిపిస్తే 112కి చెప్పొచ్చు. బండి పక్కన ఆపి, వెనక వచ్చేవాళ్లకు లైటు చూపిస్తూ, ఇద్దరు కలిసి రాయిని మార్జిన్ అవతలికి దొర్లించేయొచ్చు. అయితే ఫొటో తీసుకున్నాకే.